ప్రశాంత వినియోగదారు

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజునే మా ఊరి కరెంటాఫీసుకి మనశ్శాంతి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదని మొదట్లో మేమంతా పొరబడ్డాం.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం మాకు కొత్తేం కాదు. ఎండలు ముదిరితే మామిడిపళ్ళు వచ్చినట్టే అదీ వస్తుంది. దానికో పద్ధతుంది. ముందు ఢామ్మని చప్పుడవుతుంది. వీధంతా బయటికొచ్చి పైకి చూస్తుంది. ఎవరో ఒకాయన, నేనప్పుడే అనుకున్నాను అంటాడు. తర్వాత మేమే ట్రాలీ ఆటో మాట్లాడుకుని, మేమే తాళ్ళు తెచ్చుకుని, కాలిపోయినదాన్ని మేమే దింపి రిపేరు షెడ్డుకి తోలుకెళ్తాం. లైన్‌మన్ ముత్యాలు గారు ఆటోలో ముందు సీట్లో కూర్చుని వస్తారు, మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషిలాగా. దీన్నే డిపార్ట్‌మెంటు వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ మార్చాం అని రాసుకుంటారు.

ఈసారి షెడ్డువాళ్ళు పాతదాన్ని దింపుకున్నారు గానీ కొత్తది ఇవ్వలేదు. ఊళ్ళో ఇంకా చాలా కాలిపోయాయట, మీ ఏ.ఈ. గారు ఫిర్యాదు తీసుకుని రాసి పంపితేనే వరసలో పెడతామన్నారు. ఖాళీ ఆటోతో తిరిగొచ్చాం. ముత్యాలు గారు అప్పుడు కూడా ముందు సీట్లోనే కూర్చున్నారు.

వీధిలో అందరికీ ఉక్కపోత బాధే. మా ఎదురింటి వరహాలత్తకి మాత్రం అంతకన్నా పెద్ద గొడవ. చుట్టరికం ఏమీ లేదుగానీ నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆవిడ అత్తే. ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి హోటళ్ళకి వేస్తుంది. వసారాలో రోడ్డుకి, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభానికి ఎదురుగా ఉన్న పెద్ద గ్రైండరే ఆవిడ పొలం, ఉద్యోగం, ఇంట్లో మగదిక్కు. కరెంటు పోయాక, తులసికోట పక్కన బోర్లించి ఉన్న పాత రుబ్బురోలు దొర్లించుకొచ్చి చేత్తో రుబ్బుతోంది. అలా రుబ్బితే ఇంటి చుట్టుపక్కలవాళ్ళకి చాలుతుంది గానీ హోటలుకి చాలదు. సెంటర్లో టిఫిన్ హోటల్ కామేశం గారు వచ్చి, మర్యాదగానే చెప్పేసి వెళ్ళారు. సోమవారం పొద్దున్నకి పిండి మామూలుగా రాకపోతే పక్కూరి ప్యాకెట్లవాణ్ణి పెట్టుకుంటారట. ప్యాకెట్లవాడు ఒకసారి గడప తొక్కితే ఇక దిగడని అత్తకి తెలుసు.

“ఒరే అబ్బులూ, డిగ్రీ పరీచ్చలు రాసేసి ఖాళీగానే ఉన్నావు కదా. నాతో ఆఫీసుకి రా, నీకు ఆళ్ళ భాష తెలుసుద్ది” అంది.

డిగ్రీలో ఆ భాష చెప్పరు. అయినా వెళ్ళాను.

ఆఫీసులో కుర్చీలు లేవు. వాటి బదులు చాపలు పరిచి ఉన్నాయి. గోడమీద కొత్తగా, ‘కోపము హై వోల్టేజి వంటిది, తాకరాదు’ అని పుర్రె బొమ్మతో సహా రాయించారు. విషయం ఏంటంటే మా ఏ.ఈ. ఏకాంబరేశ్వరరావు గారు ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజు ఉదయమే పై ఆఫీసులో ట్రైనింగు ముగించుకుని దిగారు. ఈ ఎండాకాలం జనం బాగా చిరాకు పడుతున్నారని పైవాళ్ళు గమనించారట. చిరాకుకి కారణం వెతికితే ఆలస్యమవుతుందని నేరుగా చిరాకుకే మందు కనిపెట్టి, ‘కష్టకాలంలో వినియోగదారుల శ్రేయస్సునకు ఐదు సులభ మార్గములు’ అని సర్క్యులర్ తీశారు. దీర్ఘంగా ఊపిరి తీసుకోవాలి. రోజూ నడవాలి. నలుగురితో మనసు విప్పి మాట్లాడాలి. వేళకి నిద్రపోవాలి. ఉన్నదానికి కృతజ్ఞతగా ఉండాలి. తప్పు పట్టడానికేం లేదు. మా అమ్మమ్మ కూడా ఇవే చెప్పేది. కాకపోతే మా అమ్మమ్మ దగ్గర స్టాంపు ఉండేది కాదు.

ఏ.ఈ. గారు మమ్మల్ని చాపమీద కూర్చోబెట్టి, ఫిర్యాదు సంగతి తర్వాత, ముందు ప్రశాంతత పరీక్ష అన్నారు. దానికి పరికరాలు ఇంకా రాలేదట. అందాకా ఆ బాధ్యత ముత్యాలు గారికి అప్పగించారు. ముత్యాలు గారు పాతికేళ్ళుగా తీగల్లో కరెంటుందో లేదో చూసిన మనిషి. అదే అనుభవంతో అత్త మణికట్టు పట్టుకుని, తల పక్కకి వాల్చి, కాసేపు విన్నారు.

“లోడు ఎక్కువుందండి. ఇలాగే వదిలేత్తే ఎక్కడో కొట్టేత్తాదండి” అన్నారు.

ఏ.ఈ. గారు విచారంగా తలూపారు. “చూడండమ్మా. ఉద్రిక్త స్థితిలో ఉన్న వినియోగదారుని నుండి ఫిర్యాదు స్వీకరించుట వారి ఆరోగ్యమునకే హానికరం. ప్రశాంత స్థితికి చేరుకున్న పిమ్మట రాగలరు.”

“నానబోసిన పప్పు పాడైపోతందండి. కరెంటొత్తే ఆ స్థితికి నేనే చేరతాను కదా.”

“అది పరాధీన ప్రశాంతత. నిబంధనలకు సరిపడదు” అన్నారు ఏ.ఈ. గారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ముందు రాత్రి తెల్లవార్లూ అత్త రోట్లో పొత్రం తిప్పింది. చేతులు ఎత్తలేకపోతోంది, కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. చాపమీద కూర్చోగానే గోడకి జారబడి కళ్ళు మూసేసింది. ముత్యాలు గారు నాడి పట్టుకున్నారు. మొహం వెలిగిపోయింది. లోడు నార్మలేనండి, అసలు ఫేజే దొరకట్లేదండి అన్నారు.

ఏ.ఈ. గారు లేచి నిలబడి అభినందించారు. మా సెక్షన్ మొత్తమ్మీద ఇంత తక్కువ వ్యవధిలో ప్రశాంతత సాధించిన మొదటి మహిళ ఈవిడేనట. అయితే ఇక ఫిర్యాదు రాసుకోండి సార్ అన్నాను నేను. ఆయన నావైపు జాలిగా చూసి, ప్రశాంతంగా ఉన్న వ్యక్తికి ఫిర్యాదు ఉండుట సాధ్యం కాదు, ఉన్నట్లు తోచినా అది గత స్థితి తాలూకు జ్ఞాపకం మాత్రమే అని వివరించారు. అత్తని మేలుకొలిపి, ‘ప్రశాంత వినియోగదారు’ అని పెద్దక్షరాలతో ఉన్న ధ్రువపత్రం చేతిలో పెట్టారు. దాదాపు తాంబాళమంత ఉంది, లామినేషన్ కూడా చేయించారు. ఫోటో తీశారు. అంటే కోపంగా వస్తే ఫిర్యాదు తీసుకోరు, శాంతంగా వస్తే ఫిర్యాదు లేదంటారు. మధ్యలో ఏదైనా దారుందేమో అని దారిపొడుగునా ఆలోచించాను. అత్త ఆ ధ్రువపత్రంతో విసురుకుంటూ నడిచింది.

ఆ సాయంత్రం ఏ.ఈ. గారు స్వయంగా మా వీధికి వచ్చారు, ప్రశాంత వినియోగదారు ఎటువంటి వాతావరణంలో నివసిస్తోందో చూద్దామని. చూసి నిర్ఘాంతపోయారు. టీవీలు లేక జనమంతా అరుగులమీద చేరి మాట్లాడుకుంటున్నారు. మోటార్లు ఆడక ఆడవాళ్ళూ మగవాళ్ళూ బిందెలు పట్టుకుని చివరి బోరింగుదాకా నడుస్తున్నారు. నీళ్ళు మోసి ఒగరుస్తూ దీర్ఘంగా ఊపిరి తీస్తున్నారు. చీకటి పడకముందే పక్కలేసుకునే ఏర్పాట్లలో ఉన్నారు. ఎక్కణ్ణించో ఒక పిల్లగాలి వస్తే ఒక ముసలాయన ఆకాశానికి దణ్ణం పెట్టాడు.

“ఐదూ ఉన్నాయి” అన్నారు ఏ.ఈ. గారు. వేళ్ళు మడిచి మళ్ళీ ఒకసారి లెక్కపెట్టారు.

అరుగుమీద వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఆయన వినలేదు. వినుంటే మనసు విప్పి మాట్లాడటం ఎంత లోతుగా సాగుతోందో తెలిసేది. ఏ.ఈ. గారి నాన్నగారి ప్రస్తావన కూడా వచ్చింది.

మర్నాటికి వీధి మొదట్లో ‘విద్యుత్ రహిత శ్రేయో వీధి’ అని బోర్డు పాతారు. ఆ మర్నాటికి, ట్రాన్స్‌ఫార్మర్లు సక్రమంగా ఉన్న వీధుల ప్రజలకు ఈ సౌకర్యం అందకపోవడం వివక్ష అవుతుందని ఏ.ఈ. గారు గుర్తించారు. ఇక సాయంత్రాలు ఒక్కో వీధికీ వంతులవారీగా శ్రేయస్సు అందించడం మొదలుపెట్టారు. దాన్ని కరెంటు కోత అని ఎవరైనా అంటే ముత్యాలు గారు ఊరుకునేవారు కాదు. మా మావగారి వీధికి కూడా శ్రేయస్సు వచ్చిందండి, నాకేం పక్షపాతం లేదండి అనేవారు. ఆఫీసులో చాపలు చాలక వరండాలో గోనెపట్టాలు పరిచారు. ఊరందరి మణికట్లూ పట్టుకుని పట్టుకుని ఆయన వేళ్ళకి వాపొచ్చింది.

ఇదిలా ఉండగా ఆదివారం సాయంత్రం ఏ.ఈ. గారి పైఅధికారి డి.ఈ. గారు మా శ్రేయో వీధిని చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. జిల్లాలో మిగతా ఏ.ఈ.లు కూడా జనాన్ని చాపలమీద కూర్చోబెట్టేశారట. ఒకాయన ఏకంగా స్తంభాలకి పచ్చరంగు వేయించాడట. మాకంటూ ఏదో ఒక నూతన ప్రక్రియ లేకపోతే వెనకబడతామని ఏ.ఈ. గారికి దిగులు పట్టుకుంది. శుక్రవారం ‘మనసు విప్పి మాట్లాడుకుందాం’ సమావేశం పెట్టి, సలహాలివ్వమని మా వీధివాళ్ళని అడిగారు. కరెంటు అనే మాట వాడకుండా మాట్లాడాలన్నది నియమం. దాంతో అందరూ మౌనంగా ఉన్నారు. అత్త నావైపు చూసింది. సోమవారానికి మధ్యలో ఇంక రెండు రోజులే.

నేను లేచాను. వీలైనంత దిగులుగా మొహం పెట్టాను. ఈ మొహం పెట్టడంలో నాకు కాలేజీలో మంచి పేరుంది.

“సార్, మా వీధిలో అన్నీ ఉన్నాయి. నాదం ఒక్కటే లేదు.”

“నాదమా?”

“అవున్సార్. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడు పగలూ రాత్రీ గుయ్‌మని ఒక నాదం వచ్చేది. ఓంకారంలాగా ఉండేది. అది విని వీధంతా తెలియకుండానే ధ్యానంలో ఉండేది సార్. ఇప్పుడు ముసలాళ్ళకి ఏదో వెలితి. మాకు వెలుగు అక్కర్లేదు, ఫ్యాన్లు అక్కర్లేదు. ఆ గుయ్ ఒక్కటి ఇప్పించండి.”

నేను కరెంటు అనలేదు. నియమం తప్పలేదు. ఏ.ఈ. గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. మా వీధి ముసలాళ్ళు ఎందుకైనా మంచిదని తలలూపారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. రిపేరు కింద ట్రాన్స్‌ఫార్మర్ అడిగితే వానాకాలం దాటినా రాదు. శ్రేయస్సు కింద అడిగితే ఏదడిగినా ఆపకూడదని పైనుంచి హుకుం. శనివారం పొద్దున్నే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అదీ డిపార్ట్‌మెంటు సొంత లారీలో, డిపార్ట్‌మెంటు మనుషులతో, డిపార్ట్‌మెంటు తాళ్ళతో. మా వీధి చరిత్రలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. సాయం పట్టడానికి వెళ్ళిన కుర్రాళ్ళని వద్దంటే ఏం చెయ్యాలో తోచక చేతులు కట్టుకుని నిలబడ్డారు. దానికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ‘నాద ధ్యాన సాధనము’ అని పసుపు రంగుతో రాశారు. పైన తీగలు కలిపారు. గుయ్‌మంది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఎవరింట్లోనూ లైటు వెలగలేదు.

ముత్యాలు గారు నిచ్చెన దిగి వెళ్ళిపోతున్నారు. ఇళ్ళకి వెళ్ళే ఫ్యూజులు పెట్టలేదేంటని పట్టుకుని అడిగాం. ఏ.ఈ. గారే సమాధానం చెప్పారు. ధ్యాన సాధనానికి లోడు తగిలిస్తే నాదశుద్ధి చెడుతుందట. పైగా మేం అడిగింది గుయ్ ఒక్కటే. మా విన్నపంలో అలాగే ఉందిట, వెలుగు అక్కర్లేదని, ఫ్యాన్లు అక్కర్లేదని. అక్షరం పొల్లుపోకుండా మంజూరు చేశారు.

వీధి వీధంతా నావైపు చూసింది. అత్త అయితే చీపురు ఎక్కడుందా అని చూసింది.

ఆదివారం మధ్యాహ్నం నేను అత్త వసారాలోకి వెళ్ళి, హోటలుకి పట్టేంత పప్పూ బియ్యం నానబొయ్యమన్నాను. కరెంటు రాకపోతే అంత సరుకూ మురిగిపోతుంది. చేత్తో రుబ్బితే అది బుధవారానికి కూడా తెమలదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“నీ మాట నమ్మి ఓసారి అప్పడాలు మేడమీద ఎండబెట్టానా, ఆ రోజే వానొచ్చింది.”

“అది వాతావరణం అత్తా. ఇది గవర్నమెంటు. దీన్ని నేను చెప్పగలను. పప్పు గ్రైండర్లో పోసి, స్విచ్ వేసి ఉంచు. మిగతాది నేను చూసుకుంటా.”

ఆవిడ బస్తాల మూతులు విప్పి చెయ్యి పెట్టింది. అప్పటిదాకా నేను ఈ వ్యవహారాన్ని మహా సరదాగా చూస్తున్నాను. ఉన్న సరుకంతా ఆ బేసిన్లలోకి వొంపుతుంటే చూశాక నాకు సరదా కాస్త తగ్గింది.

సాయంత్రం డి.ఈ. గారు దిగారు. పెద్దాయన. ముత్యాలు గారు నాకు ముందే చెప్పినట్టు మనిషి నెమ్మది, చెవి ఇంకా నెమ్మది. ట్రాన్స్‌ఫార్మర్ కింద తివాచీ వేసి, ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, వీధి మొత్తాన్నీ చుట్టూ కూర్చోబెట్టారు. ఏ.ఈ. గారు నాదం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చి, అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నాం. కాసేపయ్యాక డి.ఈ. గారు ఒక కన్ను తెరిచారు.

“ఏదయ్యా, నాదం?”

వస్తోంది సార్, సూక్ష్మంగా ఉంటుంది అన్నారు ఏ.ఈ. గారు. డి.ఈ. గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మెడ చాచారు. రెండో కన్ను కూడా తెరిచారు. తెరిచిన ఆ కళ్ళలో శ్రేయస్సు ఛాయలు కనిపించలేదు. నాకైతే వినపడలేదే, అని ఈసారి కొంచెం గట్టిగానే అన్నారు. ఏ.ఈ. గారి నుదుటిమీద చెమట పోసింది. పచ్చరంగు స్తంభాలాయన కళ్ళముందు మెదిలుంటాడు.

నేను ఏ.ఈ. గారి పక్కకి పాకి, చెవిలో చెప్పాను. “సార్, లోడు లేక మంద్రం పలకట్లేదు. తంబురా తీగ బిగించకపోతే మోగుద్దా? ఆ ఫ్యూజులు పెట్టించండి.”

“నాదశుద్ధి?”

“ముందు నాదం రానివ్వండి సార్. శుద్ధి తర్వాత చేసుకుందాం.”

ఆయన ముత్యాలు గారికి సైగ చేశారు. జీవితంలో మొదటిసారి ముత్యాలు గారు ఎవరూ రెండోసారి అడక్కుండా నిచ్చెన ఎక్కారు. ఒక ఫ్యూజు పెట్టారు. ఇంకొకటి పెట్టారు. మూడోది పెట్టగానే అత్త వసారాలో గ్రైండరు కదిలింది.

నిండా పప్పుతో ఉన్న పెద్ద గ్రైండరు. ముందు గుర్రుమంది, తర్వాత గరగరమంది, తర్వాత కడుపులోంచి వచ్చినట్టు ఒకే శ్రుతిలో ఘుమ్ముమని అందుకుంది. తివాచీ సన్నగా వణికింది. దండలోంచి ఒక బంతిపువ్వు డి.ఈ. గారి ఒళ్ళో రాలింది. ఆయన దాన్ని చూసుకుని, మెల్లగా కళ్ళు మూసుకున్నారు.

“ఆహా” అన్నారు.

మేమెవరమూ కళ్ళు మూసుకోలేదు. ఇళ్ళల్లో లైట్లు వెలిగిన వైపు తలలు తిప్పుకుని, ఎవరూ కిక్కురుమనకుండా, వెర్రి ఆనందంతో కూర్చున్నాం. అత్త మాత్రం మెల్లగా లేచి, వంగి, నడుం పట్టుకుని, ధ్యానులందరినీ దాటుకుంటూ వెళ్ళి పిండి మీద నీళ్ళు చల్లి వచ్చింది. పప్పు వాయి మెదిగి, దాన్ని తీసి బియ్యం వేసేటప్పుడు గ్రైండరు కాసేపు ఆగింది. డి.ఈ. గారు చిరాగ్గా కదిలారు. ఏ.ఈ. గారు అత్తవైపు రెండు చేతులూ జోడించారు. అత్త ఏమాత్రం తొందరపడకుండా బేసిన్ వొంపుకుని, చెయ్యి కడుక్కుని, స్విచ్ వేసింది. ఆఖరి వాయి తీసేదాకా డి.ఈ. గారు లేవలేదు. లేచాక అక్కడికక్కడే చెప్పేశారు. ఇంతటి గంభీరమైన నాదం తన సర్వీసులో వినలేదు. ఇకమీదట ఈ వీధిలో ఈ నాదం ఆగితే ఏ.ఈ. గారు స్వయంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. లోడు తియ్యడానికి వీల్లేదు.

సోమవారం పొద్దున్న కామేశం గారి హోటలుకి పిండి వెళ్ళింది. ప్యాకెట్లవాడు వచ్చి, ఇడ్లీ తిని, తిరిగి వెళ్ళాడు.

ఆ తర్వాత ఊరు కూడా దారిలో పడింది. ఇప్పుడు మా ఊళ్ళో కరెంటు లేదని ఎవరూ ఫోన్ చెయ్యరు. చేస్తే చాపమీద కూర్చోమంటారు. మా వీధిలో నాదం ఆగిందండీ, ధ్యానం చెడిపోతోందండీ అంటే చాలు, ముత్యాలు గారు సైకిలు తొక్కుకుంటూ వచ్చేస్తారు. సంజాయిషీ భయం కొద్దీ ఏ.ఈ. గారు రోజూ సాయంత్రం మా వీధికొచ్చి, అత్త వసారాలో గ్రైండరు పక్కన పీట వేసుకుని, నాదం సరిగ్గా ఉందో లేదో కళ్ళు మూసుకుని పరీక్షిస్తున్నారు. మొదట్లో భయంతో వచ్చేవారు. ఇప్పుడు నిజంగానే మనసు తేలికపడుతోందట. నిద్ర కూడా పడుతోందట. అక్కడే.

మొన్న అలా కళ్ళు తెరిచేసరికి ఎదురుగా రుబ్బిన పిండి గుండిగ కనిపించింది. దానిమీద మూతగా ఆయనిచ్చిన ధ్రువపత్రం ఉంది. లామినేషన్ చేయించినందువల్ల తడి పట్టలేదు. గుండిగకి సరిగ్గా సరిపోయింది కూడా. ఎండ వేడికి పిండి బాగా పులిసి, దాన్ని అంచు మీంచి పైకెత్తేసింది.

ఏ.ఈ. గారు నొచ్చుకున్నారు. “అమ్మా, దానిని గోడకు తగిలించుకుంటారని ఇచ్చితిమి.”

అత్త చెయ్యి తుడుచుకుని వంగి చూసింది.

“ఇక్కడే నయమండి. కింద ఇంత పొంగిపోతన్నా, చూడండి, పైన అది మటుకు ఎంత ప్రశాంతంగా ఉందో.”